విడి ఛానళ్లా, ప్యాకా? ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో జవాబు

మల్కాజిగిరిలో ఉండే మీ అమ్మానాన్నల కేబుల్ బిల్లు గురించి మీరు అడిగారు. నెలకి 380 రూపాయల తెలుగు ఫ్యామిలీ ప్యాక్, మూడొందల దాకా ఛానళ్లు. వాళ్లిద్దరూ నిజంగా చూసేవి పది పన్నెండు. చూసేవాటికే డబ్బు కట్టొచ్చని మీరెక్కడో చదివారు. కేబుల్ ఆయన్ని అడిగితే "విడిగా పెట్టుకుంటే ఇంకా ఎక్కువైతది సార్, ప్యాకే మంచిది" అన్నాడు. ఎవరి మాట నమ్మాలన్నది మీ ప్రశ్న.

నేను ఈ ఊళ్లోనే కేబుల్ రంగంలో, ఎక్కువగా బిల్లింగ్ వైపు, చాలా ఏళ్లు పనిచేశాను. మీరు చదివింది నిజమే. కేబుల్ ఆయన చెప్పింది కూడా ఉత్త అబద్ధమేం కాదు, సగం నిజం. అసలు చిక్కు ఎక్కడుందంటే, మీరిద్దరూ మొత్తం బిల్లుకి ఒకే జవాబు కోసం చూస్తున్నారు: అన్నీ విడిగానా, అంతా ప్యాకా అని. అలా తేలే లెక్క కాదిది. స్టార్ మా వాళ్లది ఒక లెక్క, జీ వాళ్లది ఒకటి, జెమిని వాళ్లది ఒకటి, ఈటీవీ వాళ్లది ఒకటి. ఒక నెట్‌వర్క్‌లో విడి ఛానల్ లాభం, పక్క నెట్‌వర్క్‌లో ప్యాక్ లాభం. రెండూ కలిపి పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు, ఎందుకు చెప్పరో కింద రాస్తాను.

ముందు ఆ 380లో ఏముందో చూద్దాం. ఏ కేబుల్ బిల్లులోనైనా, డీటీహెచ్‌లోనైనా మూడు ముక్కలుంటాయి. ఒకటి, మీ ఇంటిదాకా సిగ్నల్ తెచ్చినందుకు కట్టే కనెక్షన్ ఛార్జీ, అంటే ఎన్‌సీఎఫ్. రెండోది పే ఛానళ్ల ధర. ఇది ఛానల్ నడిపే సంస్థకి వెళ్తుంది, అందులో కేబుల్ వాళ్లకి కమీషన్ ఉంటుంది. మూడోది ఈ రెంటి మీదా 18 శాతం జీఎస్టీ. ఏ ప్యాక్ పేరు చెప్పినా, ఎంత పెద్ద అక్షరాలతో అచ్చేసినా లోపల ఉండేవి ఈ మూడే. అయితే ఈ ముక్కలు విడదీసి చూపించే రసీదు మన కాలనీల్లో ఎంతమందికి అందుతుందో మీకూ తెలుసు. 380 ఫోన్‌పేలో వెళ్తుంది, బాక్స్ ఆన్ అవుతుంది, అంతే.

ఎన్‌సీఎఫ్ గురించి ఇంటర్నెట్‌లో ఇప్పటికీ పాత సమాచారమే తిరుగుతోంది. "చట్టం ప్రకారం 130 దాటకూడదు" అని మీ ప్రశ్న కింద కూడా ఒకరు రాశారు. 2019లో అది నిజం: 100 ఛానళ్లకి 130 రూపాయలు గరిష్ఠం, పన్నుతో 153 రూపాయల 40 పైసలు, ఆపైన ప్రతి 25 ఛానళ్లకి మరో 20. 2020 జనవరిలో చేసిన సవరణతో అదే 130కి 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు, ఎన్ని ఛానళ్లున్నా 160 మించొద్దన్నారు. 2024 జులైలో ట్రాయ్, అంటే ఫోన్, కేబుల్ రంగాలకి నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ, ఆ పరిమితి ఎత్తేసింది. ఇప్పుడు ఎన్‌సీఎఫ్ ఎంతన్నది కంపెనీ ఇష్టం, కాకపోతే ఆ రేటు బయటికి ప్రకటించాలి. ఏరియాని బట్టి, ఛానళ్ల సంఖ్యని బట్టి, కస్టమర్ల రకాన్ని బట్టి వేర్వేరు రేట్లు పెట్టుకోవచ్చు. కాబట్టి 130 అన్న అంకె పట్టుకుని కేబుల్ ఆయనతో గొడవకి దిగకండి, ఓడిపోతారు. "మా ఏరియాకి ఎన్‌సీఎఫ్ ఎంత? ప్యాక్ తీసుకున్నా, సొంతంగా ఎంచుకున్నా అదేనా?" అని అడగండి. ఈ రెండో ప్రశ్న చాలా ముఖ్యం. ప్యాక్ తీసుకునేవాళ్లకి ఎన్‌సీఎఫ్ తగ్గించి, సొంతంగా ఎంచుకునేవాళ్లకి పూర్తిగా వేస్తే, మీరు ఛానళ్లలో మిగిల్చుకున్నదంతా అక్కడ పోతుంది. కేబుల్ ఆయన "ఇంకా ఎక్కువైతది" అన్నది ఇలాంటి సందర్భంలో అక్షరాలా నిజమవుతుంది.

ఇక అసలు కథ. 2013 దాకా హైదరాబాద్‌లో సెట్‌టాప్ బాక్స్ అన్నమాటే లేదు ఎక్కువ ఇళ్లలో. స్తంభం మీద నుంచి వచ్చిన నల్ల వైరు నేరుగా టీవీలో గుచ్చితే అన్నీ వచ్చేవి, ఎవరు ఏం చూస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదు. గల్లీలో ఎన్ని కనెక్షన్లున్నాయో కేబుల్ ఆయన చెప్పిందే లెక్క. ఉన్నవాటిలో పావువంతో, ఇంకాస్తో చూపించి మిగతా డబ్బు తన దగ్గరే ఉంచుకోవడం అప్పట్లో రంగం మొత్తానికీ తెలిసిన రహస్యం. కేబుల్‌ని బాక్స్ ద్వారా డిజిటల్‌గా ఇవ్వాలన్న డిజిటైజేషన్ రెండో దశలోని 38 నగరాల్లో మనదీ ఒకటి, దాని గడువు 2013 మార్చి 31. బాక్స్ వచ్చాక ప్రతి ఇల్లూ కంప్యూటర్లో ఒక నంబరైంది, ఏ ఇంటికి ఏ ఛానల్ ఇవ్వాలో, ఏది ఆపాలో చేతికొచ్చింది. విడి ఛానళ్లు అమ్మడం సాధ్యమైంది అప్పుడే.

సాధ్యమైన వెంటనే జరగలేదు. ట్రాయ్ 2017 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది: ప్రతి పే ఛానల్‌కీ విడి ధర ప్రకటించాలి, జనం కావలసినవి ఎంచుకోవాలి అని. స్టార్ వాళ్లు మద్రాసు హైకోర్టుకి, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ట్రాయ్ పక్షాన తీర్పిచ్చింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజుల్లో కస్టమర్ కేర్ ఫోన్లు ఆగకుండా మోగేవి, ఫారాల మీద టిక్కులు పెట్టించుకోవడానికి కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగేవాళ్లు. చివరికి మార్చి 31 దాకా గడువు పొడిగించి, ఎంచుకోనివాళ్లకి వాళ్ల అలవాటుని బట్టి ఏదో ఒక ప్లాన్ వేసేయమన్నారు. మన ఇళ్లలో చాలా బాక్సుల మీద ఇప్పటికీ నడుస్తున్నది అప్పుడు వేసిన ప్లానే, పేరూ ధరా మారాయంతే.

అప్పటి ధరలు చూస్తే ఆట అర్థమవుతుంది. బొకేలో, అంటే ఒక నెట్‌వర్క్ తన ఛానళ్లని కట్టకట్టి అమ్మే ప్యాకులో, పెట్టాలంటే ఛానల్ విడి ధర 19 రూపాయలు మించకూడదని నిబంధన. స్టార్ మా ఎంత పెట్టింది? 19. జీ తెలుగు? 19. జెమిని? 19. ఈటీవీ ఒక్కటే 17 దగ్గర ఆగింది. నాలుగూ కలిపి 74, దానికి ఎన్‌సీఎఫ్ 130 కలిపితే 204, పన్నుతో 240 రూపాయల 72 పైసలు. అంతకుముందు అన్ని ఛానళ్లూ రెండొందల చిల్లరకే చూస్తున్నవాళ్లకి నాలుగు ఛానళ్లకి రెండొందల నలభై అంటే మండదా మరి!

19 అన్నది ఆ ఛానల్ తయారీ ఖర్చుని బట్టి వచ్చింది కాదు. పై పరిమితి ఎక్కడుంటే అక్కడ పెట్టారు. విడి ధర ఎంత ఎక్కువగా కనిపిస్తే పక్కనున్న బొకే అంత చవగ్గా కనిపిస్తుంది. కర్రీ పాయింట్‌కి వెళ్తే పప్పు ఒక్కటీ 40, పప్పు, కూర, సాంబారు, పచ్చడి కలిపిన సెట్టు 55 అన్నాడనుకోండి. మీ ఇంట్లో సాంబారు ఎవరూ ముట్టకపోయినా సెట్టే పట్టుకొస్తారు. 15 రూపాయలకి మూడు వచ్చాయని సంతోషిస్తారు. పప్పు 40 ఎందుకైందని ఆ క్షణాన ఎవరూ అడగరు.

బొకే మీద తగ్గింపుకి 15 శాతం హద్దు పెట్టాలని ట్రాయ్ మొదటి ఉత్తర్వులోనే అనుకుంది. ఆ ఒక్క ముక్కని మద్రాసు హైకోర్టు కొట్టేసింది. హద్దు లేకపోయేసరికి బొకేల మీద 70 శాతం దాకా తగ్గింపులిచ్చారని 2019లో ట్రాయే చెప్పింది. 2020లో ఇంకో దారి పట్టారు: బొకేలో ఉండే ఛానల్ ధర 12 మించకూడదన్నారు. బ్రాడ్‌కాస్టర్లు, అంటే ఛానళ్లు నడిపే సంస్థలు, బాంబే హైకోర్టుకి వెళ్లారు, 2021 జూన్ 30న కోర్టు చాలావరకు ట్రాయ్‌ని సమర్థించింది. అప్పుడు వాళ్లేం చేశారో తెలుసా? 12కి తగ్గించలేదు. జనం బాగా చూసే మెయిన్ ఛానళ్లనే బొకేల్లోంచి తీసేసి, విడిగా 12 కంటే పై ధరకి అమ్ముతామని కొత్త రేట్లు ప్రకటించారు. అలా అయితే ఒక్కో ఇంటి బిల్లు ఎక్కడికో పోయేది. కేబుల్ వాళ్లు గోల పెట్టారు, ట్రాయ్ వెనక్కి తగ్గింది. 2022 నవంబరులో మళ్లీ 19కే వచ్చారు, తగ్గింపు 45 శాతం మించొద్దన్నారు. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త ధరలు. ఆ నెలలో సంతకాలు చేయని కేబుల్ కంపెనీలకి పెద్ద నెట్‌వర్కులు కొన్ని రోజులు సిగ్నల్ ఆపేశాయి. మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది, సీరియళ్లూ సినిమాలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి.

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, విడి ధర, బొకే ధర రెండూ ఒకే చేయి నిర్ణయించేవని మీకు తెలియాలి. ఇప్పటి 45 శాతం నిబంధనతో లెక్క ఇలా ఉంటుంది. ఒక నెట్‌వర్క్‌కి మెయిన్ ఛానల్ 19, సినిమాలది 10, ఇంకో నాలుగు చిన్నవి కలిపి 11 అనుకుందాం. విడిగా మొత్తం 40. బొకేని 22 దాకా దించొచ్చు. అంటే మెయిన్ ఒక్కటే కావాలన్నవాడికి 19, ఆరూ కావాలన్నవాడికి 22. ఇలాంటి చోట విడిగా తీసుకోవడం తెలివితక్కువ పని. అదే నెట్‌వర్క్ ఇంగ్లీషు ఛానల్ ఒకటి, స్పోర్ట్స్ ఒకటి, పిల్లలది ఒకటి చేర్చి బొకేని 35 చేసిందనుకోండి, మెయిన్ ఒక్కటే చూసే ఇంటికి 16 రూపాయలు దండగ. అంచేత నెట్‌వర్క్ నెట్‌వర్క్‌కీ చూడాలంటున్నాను.

ఇంకో తేడా కూడా గమనించండి. బొకే అంటే ఒకే నెట్‌వర్క్ తన ఛానళ్లని కట్టకట్టి ఇచ్చేది. మీ 380 ప్యాక్ అలాంటిది కాదు. కేబుల్ కంపెనీ నాలుగైదు నెట్‌వర్కుల బొకేలు తీసుకుని, పైన హిందీ, ఇంగ్లీషు, కార్టూన్లు చేర్చి సొంతంగా కట్టిన పెద్ద మూట. ఇలాంటి ప్యాకుల మీద కంపెనీ ఇచ్చే తగ్గింపుకి ఒకప్పుడు 15 శాతం హద్దుండేది, 2024 జులైలో దాన్నీ 45కి పెంచారు. దాంతో ప్యాకులు పైకి మరింత చవగ్గా కనిపిస్తున్నాయి. "విడిగా అయితే 600 అయ్యే ఛానళ్లు 380కే" అని కేబుల్ వాళ్లు వాట్సాప్‌లో పంపే బొమ్మల వెనక లెక్క అదే. ఆ 600లో మీ అమ్మగారు చూసేవి ఎంత విలువైనవన్నదే మీకు కావలసిన అంకె. మిగతా అంకెలన్నీ వాళ్ల సంగతి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చేద్దాం. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి పద్ధతి తెలియడానికి కొన్ని అంకెలు ఊహించుకుని రాస్తున్నాను, మీ ఏరియా ధరలు పక్కన పెట్టుకుని మార్చుకోండి. ఒక వారం పాటు ఇంట్లో ఏ ఛానల్ నడుస్తోందో అమ్మగారిని ఒక కాగితం మీద రాయమనండి. మనం చూస్తామనుకునేవి వేరు, చూసేవి వేరు.

మొదటి నెట్‌వర్క్‌లో అమ్మగారు మెయిన్ ఛానల్ సీరియళ్లు, మధ్యాహ్నం సినిమాల ఛానల్ చూస్తారు. విడిగా 19, 10 కలిపి 29. బొకే 30. రూపాయి తేడాకి బొకే తీసుకోండి, తలనొప్పి ఉండదు. రెండో నెట్‌వర్క్‌లో ఒక్క మెయిన్ ఛానలే, రాత్రి సీరియల్ కోసం. విడిగా 19, బొకే 28. విడిగా తీసుకోండి. మూడోదాంట్లో సీరియళ్లు చూడరు, పాత సినిమాలొస్తాయని నాన్నగారు సినిమా ఛానల్ పెడతారు. అది 17, బొకే 32. విడిగా. నాలుగోదాంట్లో మెయిన్ 17, సినిమాలది 6, కామెడీది 5, వార్తలది 1, అన్నీ చూస్తారు, మొత్తం 29. బొకే 22. బొకే.

ఇప్పుడు కూడండి. ఇలా కలగలిపి తీసుకుంటే 88 రూపాయలు. అన్నీ విడిగా అయితే 94. అన్నీ బొకేలైతే 112. 130 ఎన్‌సీఎఫ్ అనుకుని పన్ను కలిపితే కలగలుపుకి 257 రూపాయల 24 పైసలు, బొకేలకి 285 రూపాయల 56 పైసలు. 380తో పోలిస్తే రెండూ తక్కువే. కలగలుపుకీ బొకేలకీ మధ్య ముప్పై రూపాయల లోపు గొడవ అంత పెద్దదేం కాదని కూడా దీన్లో కనిపిస్తోంది. అసలు పొదుపు కంపెనీ కట్టిన పెద్ద మూటలోంచి బయటికి రావడంలో ఉంది. ఆ మూటలో మీవాళ్లు ఎన్నడూ పెట్టని హిందీ, ఇంగ్లీషు, కార్టూన్ ఛానళ్లకి నెలనెలా కడుతున్నారు.

వార్తలు, భక్తి ఛానళ్ల కోసం మాత్రం ప్యాక్ పట్టుకుని వేలాడక్కర్లేదు. తెలుగు వార్తా ఛానళ్లలో ఎక్కువ భాగం ఉచిత ఛానళ్లే, తిరుమల దేవస్థానం వారి ఎస్వీబీసీ కూడా ఉచితమే. ఎన్‌సీఎఫ్ కట్టినవాళ్లకి ఇవి రావాలి. దూరదర్శన్ ఛానళ్లు, యాదగిరితో సహా, ఎలాగూ తప్పనిసరి. ఈటీవీ తెలంగాణ లాంటిది పే జాబితాలోకి వచ్చింది కాబట్టి అన్ని వార్తా ఛానళ్లూ ఫ్రీ అని మాత్రం అనుకోవద్దు. "ప్యాక్ తీసేస్తే న్యూస్ ఛానళ్లు కూడా పోతాయి" అని ఎవరైనా బెదిరిస్తే, ఉచిత ఛానళ్ల జాబితా పంపమని అడగండి. డీడీ ఫ్రీ డిష్‌లో ఉచితంగా వచ్చే ఛానల్‌ని కేబుల్లో పే ఛానల్‌గా అమ్మకూడదని కూడా 2024 సవరణలో ఉంది.

హెచ్‌డీ దగ్గర చాలా ఇళ్లలో డబ్బు వృథా అవుతోంది. ఒకే ఛానల్ ఎస్‌డీ (మామూలు బొమ్మ), హెచ్‌డీ (మరింత స్పష్టమైన బొమ్మ) రెండూ ఒకే బొకేలో పెట్టకూడదన్నది నిబంధన. కానీ ఎస్‌డీ బొకే ఒకటి, హెచ్‌డీ బొకే ఒకటి ఒకే బాక్స్‌లో వేయకుండా ఎవరూ ఆపరు. కుర్రాడు "హెచ్‌డీ వేస్తున్నా అంకుల్" అని వేసి పాతది తీయకుండా వెళ్లిపోతాడు, ఏళ్ల తరబడి రెండింటికీ కడుతూనే ఉంటారు. ఇంకో సంగతి, ఎర్ర, తెల్ల, పసుపు పిన్నుల వైరుతో టీవీకి కలిపి ఉంటే హెచ్‌డీ ఛానల్ తీసుకున్నా హెచ్‌డీ బొమ్మ రాదు. బాక్స్ హెచ్‌డీది అవ్వాలి, హెచ్‌డీఎంఐ వైరు ఉండాలి. మల్కాజిగిరి వెళ్లినప్పుడు టీవీ వెనక ఒకసారి చూడండి. పసుపు పిన్ను కనిపిస్తే హెచ్‌డీ తీయించేయండి, లేదా వైరు మార్చండి.

నాన్నగారి క్రికెట్. స్పోర్ట్స్ ఛానల్ ఏడాది పొడవునా ఉంచుకోవడం పెద్దవాళ్లింట్లో మామూలే, చూసేది మాత్రం ఐపీఎల్ రెండు నెలలు, మధ్యలో ఇండియా మ్యాచులు. ఆ నెలలకి విడిగా వేయించుకుని తర్వాత తీసేయొచ్చు. తీసుకునేముందు మొదటి నెట్‌వర్క్ బొకేలో అదే ఛానల్ ఉందేమో చూడండి. ఉంటే రెండుసార్లు కట్టినట్టవుతుంది. "ఇండియా మ్యాచులు డీడీలో ఫ్రీగా వస్తాయి కదా" అంటారు కొందరు. మన కేబుల్ కనెక్షన్‌కి అది వర్తించదు. ప్రైవేటు సంస్థ హక్కులు కొన్న మ్యాచ్ సిగ్నల్‌ని ప్రసార భారతి తన సొంత టెరెస్ట్రియల్ (యాంటెన్నాతో వచ్చేది), ఫ్రీ డిష్‌లలో మాత్రమే చూపించాలని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే కేబుల్లో డీడీ పెడితే మ్యాచ్ టైముకి ఇంకేదో కార్యక్రమం వస్తుంది. కేబుల్ ఆయన ఆపేశాడని అనుకుని ఆయన్ని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను.

కేబుల్ ఆయన సంగతి కూడా కొంచెం చెప్పాలి, మీరు ఆయనతోనే మాట్లాడాలి కాబట్టి. పే ఛానల్ ధరలో బ్రాడ్‌కాస్టర్ కనీసం 20 శాతం పంపిణీ కమీషన్‌గా ఇవ్వాలి. అది కాక, తన ఛానళ్లు ఎక్కువ ఇళ్లకి చేరితే ఇంకో 15 శాతం దాకా ప్రోత్సాహకం ఇవ్వొచ్చు. ఛానల్ వాళ్లకి చందా ఒక్కటే ఆదాయం కాదు, ప్రకటనల డబ్బు ఎన్ని ఇళ్లలో ఛానల్ కనిపిస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. బొకే ఎన్ని ఇళ్లలో ఉంటే అన్ని ఇళ్లలో ఛానల్ ఉన్నట్టే. కాబట్టి పైనుంచి కిందిదాకా అందరికీ ప్యాక్ నడిస్తేనే లాభం. ఇది ఎంఎస్‌వో దగ్గరి మాట, అంటే మీ బాక్స్ మీద పేరున్న కంపెనీ మాట. గల్లీలో తిరిగే ఆయనకి ఇంకో కారణం ఉంది. ప్యాక్ అయితే పోర్టల్‌లో ఒక్క క్లిక్కు. మీ అమ్మగారి జాబితా అయితే కస్టమర్ నంబర్ తెరిచి, ఒక్కోటీ వెతికి, పాతవి తీసి, కొత్తవి చేర్చాలి. నెల మొదటి వారంలో వందల ఇళ్ల రీచార్జులు మీద పడి ఉన్నప్పుడు ఎవరైనా "ప్యాకే మంచిది సార్" అనే అంటారు. ఆయన మోసగాడని అనుకోవద్దు. కనెక్షన్లు తగ్గిపోతూ, నెట్ కనెక్షన్ కంపెనీలు వీధికొకటి వచ్చిపడుతుంటే బతుకుతున్నవాడు.

కాబట్టి నోటిమాటగా కాకుండా జాబితా రాసి పంపండి. బాక్స్ నంబరు, ఉంచాల్సిన బొకేలు, విడిగా కావలసిన ఛానళ్లు వాటి నంబర్లతో సహా, తీసేయాల్సిన ప్యాక్ పేరు, ఇవన్నీ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌గా పెట్టండి. ప్యాక్ తీసేయమని విడిగా చెప్పకపోతే అది అలాగే ఉండి పైన కొత్తవి చేరతాయి, ఈ పొరపాటు తరచూ జరిగేదే. ధరల కోసం బాక్స్‌లో 999 నంబరు పెట్టి చూడండి, కస్టమర్ సమాచారం అక్కడ ఉంచాలని నిబంధన. కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా ఛానళ్ల ధరలు, బొకేలు పెట్టాలి, చాలావాటిలో అక్కడే సొంతంగా ఎంచుకునే వీలు కూడా ఉంటుంది. డీటీహెచ్ అయితే యాప్‌లో మీరే మార్చేసుకోవచ్చు, ఎవరినీ బతిమాలే పని లేదు. కేబుల్లో ఆయన చేయనంటే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, అక్కడా తేలకపోతే నోడల్ ఆఫీసర్ ఉంటారు. నా అనుభవంలో ఫిర్యాదు నంబరు అడిగిన మాటతోనే చాలావరకు పని అయిపోతుంది.

ప్యాక్ ఉంచుకోవాల్సిన ఇళ్లు కూడా ఉన్నాయి. ముగ్గురు మనవళ్లు కార్టూన్లకి కొట్టుకునే ఇల్లు, అత్తగారు తెలుగు సీరియల్, కోడలు హిందీ సీరియల్ చూసే ఇల్లు, చార్మినార్ వైపు ఉర్దూ, హిందీ, తెలుగు మూడూ నడిచే ఇళ్లు. అక్కడ నాలుగైదు నెట్‌వర్కుల్లో రెండేసి మూడేసి ఛానళ్లు వాడకంలో ఉంటాయి. అలాంటివాళ్లు విడిగా కూడితే ప్యాక్ దాటిపోవడం ఖాయం. మీ ప్రశ్న కింద "నేను ట్రై చేశా, 450 అయింది" అన్నాయన ఇల్లు అలాంటిదే అయ్యుంటుంది. ఆయన లెక్క ఆయనకి సరైనదే.

యాప్‌ల గురించి రెండు ముక్కలు. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. నాలుగు చందాలు కట్టి, నెట్ బిల్లు కట్టి, డెబ్బై ఏళ్ల మనిషికి నాలుగు యాప్‌లు నేర్పించడం నేను సలహా ఇవ్వను. వాళ్లకి ఛానల్ నంబర్లు కంఠస్థం, రిమోట్ చూడకుండానే నొక్కుతారు. ఇంట్లో ఎలాగూ నెట్, స్మార్ట్ టీవీ ఉంటే వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి, అంతవరకు వాడుకోండి.

రెండో టీవీ ఉందని రాశారు, బెడ్‌రూంలో. దానికీ ఇదే ప్యాక్ వేయాలని ఏం లేదు. రెండో బాక్స్‌కి వేరే జాబితా పెట్టుకోవచ్చు, ఎన్‌సీఎఫ్ ఎంత తగ్గిస్తారో మాత్రం అడగాలి. నాన్నగారు అక్కడ వార్తలే చూస్తే ఉచిత ఛానళ్లతో సరిపెట్టేయండి, పే ఛానల్ ఒక్కటీ వద్దు.

ఇక మీరు చేయాల్సింది: ఈ వారం అమ్మగారి కాగితం, 999లో ధరలు, ఎన్‌సీఎఫ్ ప్రశ్న. ప్యాక్‌కీ సొంత ఎంపికకీ ఎన్‌సీఎఫ్ ఒక్కటే అయితే పైన చెప్పినట్టు నాలుగు నెట్‌వర్కులూ విడివిడిగా చూసి కలగలిపి తీసుకోండి. ఎన్‌సీఎఫ్ తేడా నలభై యాభై దాకా ఉంటే ముందు మళ్లీ కూడి చూడండి, కంపెనీ దగ్గర ఇంతకన్నా చిన్న తెలుగు ప్యాక్ ఉందేమో అడగండి. చాలా కంపెనీలకి ఉంటుంది, దాన్ని ముందు పెట్టరు. రీచార్జ్ తేదీకి మూడు నాలుగు రోజుల ముందే మెసేజ్ పంపండి. నెల మధ్యలో మారిస్తే మిగిలిన రోజుల డబ్బు ఎలా సర్దుతారో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఆ తకరారు మీకెందుకు. మార్చిన రోజు మాత్రం ఎవరైనా ఇంట్లో ఉండి అమ్మగారి కాగితంలోని ఛానళ్లన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. ఏదైనా రాకపోతే ఆ రోజే చెప్తే అప్పటికప్పుడు వేస్తారు.